ఇరవై తొమ్మిదో నంబరు బిళ్ళ

“అబద్ధం చెప్పే పిల్లయితే ఇంతకంటే మంచి అబద్ధమే చెప్పుండును గదప్పా!” అంది పంకజాక్షి.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జయరావు టీ గ్లాసు కింద పెట్టి గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండుంబావు. “అక్కా, నాలుగ్గంటలకి ఆ పిల్లను కోర్టులో పెట్టాల. బెయిలొచ్చే సెక్షన్ కాదు. ఈడ కూర్చోని నువ్వు నాకు పాఠాలు చెప్తే మారేదేం లేదు.”

పంకజాక్షికి యాభై మూడేళ్ళు. ఎస్సైగా ఉండగానే, పై అధికారుల గుమ్మాలెక్కి దిగడానికి తన మోకాళ్ళు పనికిరావని చెప్పి ఉద్యోగం వదిలేసింది. తిరుపతి బస్టాండు వెనక చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. ఈ జయరావుకి పంచనామా రాయడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు గురువుకే పంగనామాలు పెట్టే శిష్యుడై కూర్చున్నాడు. అయినా అతని మీద ఆవిడకు కోపం నిలవదు. బుర్ర ఉన్నవాడే, తొందరొకటే అతని జబ్బు.

కేసు మాత్రం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే ఉంది. మూడు రోజుల కిందట, మహర్నవమి సాయంత్రం, స్టేషను రోడ్డులోని చీరల షోరూములో మంటలు లేచాయి. మూడో అంతస్తు మెట్ల పక్కనున్న కరెంటు బోర్డు అంటుకుంది. పనివాళ్ళంతా బయటపడ్డారు, ఒక్కడు తప్ప. చీరలకు ఫాల్సు కుట్టే టైలరు నారాయణ, అరవై ఏళ్ళవాడు, అదే అంతస్తు వెనక గదిలో పొగకు ఊపిరాడక ప్రాణం విడిచాడు.

అలాంటిది జరగకూడదనే ఆ షోరూములో ఆరు నెలల కిందట ఒక కొత్త ఏర్పాటు చేశారు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు రోడ్డు మీద లారీని పట్టుకోగలవు గానీ, కాంక్రీటు కప్పు కింద మనిషిని పట్టుకోలేవు. అందుకని చెన్నై కంపెనీ వాళ్ళు వచ్చి ప్రతి గది కప్పుకీ ఒక చిన్న పెట్టె బిగించి, పనివాళ్ళ మెడల్లో తలా ఒక ట్యాగు వేశారు. పనివాళ్ళకి అది బిళ్ళ. మనిషి ఏ గదిలోకి పోతే తెర మీద ఆ గదిలో అతని నంబరుతో ఒక చుక్క వెలుగుతుంది. ఫైర్ బెల్లు మోగితే, ఏ గదిలో ఎందరు చిక్కుకున్నారో ఫైరింజను వాళ్ళకి చెప్పాలి. సెల్లార్లో ఆ తెర ముందు కూర్చునే పిల్లే లోహిత.

“మూడో అంతస్తులో ఎవరూ లేరు” అని లోహిత చెప్పింది. ఫైరు వాళ్ళు ఆ మాట నమ్మి వెనక గది జోలికి పోలేదు. ఇదీ ఆమె నేరం.

పక్క గదిలో బెంచీ మీద ఆ పిల్ల ముడుచుకుని కూర్చుంది. ఇరవై మూడేళ్ళు. నగరిలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగి, డిప్లొమా చదివి, మొదటి ఉద్యోగానికి తిరుపతి వచ్చింది. మూడు రోజుల ఏడుపుకి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పంకజాక్షి గొంతు గట్టి చేసుకుంది.

“బెల్లు ఎన్నింటికి మోగింది?”

“నాలుగూ పదికి మేడమ్.”

“అబుడు నారాయణన్న బిళ్ళ, ఇరవై తొమ్మిదో నంబరు, యాడుండె?”

“కింద హాల్లో. నాది తప్ప ముప్పై మూడు చుక్కలూ ఆడే ఉన్నాయి. ఆయుధపూజ గదా, అందరూ పూజ కాడ ఉన్నారనుకున్నా.”

“నువ్వెందుకు పోలేదు?”

“తెర ముందర నుంచి లేయగూడదని రూలు. ఊడ్చే చెంగమ్మత్త ప్రసాదం తెచ్చిస్తానన్నాది.”

“మూడో అంతస్తు?”

“మూడున్నర నుంచీ సున్నానే మేడమ్. ఫైరు సార్లు నాలుగూ ఇరవై ఆరుకి వస్తే అదే చెప్పినా.” లోహిత చేత్తో కళ్ళు తుడుచుకుంది. “నారాయణ తాత నా జాకెట్లన్నీ ఊరికే సరిచేసిచ్చేటోడు. నా కండ్ల ముందర చుక్క కనబడుంటే చెప్పకుండా ఉంటానా?”

“చాల్లే అక్కా” అని జయరావు గుమ్మంలోంచి అన్నాడు. “కంప్యూటర్ చూద్దామంటే ఫైరింజను నీళ్ళు సెల్లార్లోకి దిగి అది మునిగిపోయింది. ఆ పిల్ల మాటకి సాక్ష్యం లేదు. నా కాడుంది, రా చూపిస్తా.”

బల్ల మీద అతను రెండు పెట్టాడు. ఒకటి సీలు వేసిన కవరు, అందులో ఇరవై తొమ్మిదో నంబరు బిళ్ళ. రెండోది పంచనామా అప్పుడు తీసిన ఫోటో. వెనక గదిలో నారాయణ పడి ఉన్నాడు, మెడలో బిళ్ళ వేలాడుతోంది.

“బిళ్ళ శవం మెడలో ఉండాది. అంటే చుక్క మూడో అంతస్తులోనే వెలగాల. హాల్లో సూసినానంటే ఆ పిల్ల అబద్ధం చెప్తా ఉండాది. సూడలేదంటే నిద్రపోయింది. ఏదైనా ఒక ప్రాణం పోయింది.”

పంకజాక్షి ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది.

“జయరావూ, ఈయన చొక్కా ఏ రంగు?”

“నలుపు.”

“పండక్కి కట్టుకున్న కొత్త తెల్లచొక్కా అప్పా. కాలర్ కింది మడత చూడు, తెల్లగానే ఉండాది. పొగకి నల్లబడింది. మరి బిళ్ళ తాడు?”

జయరావు ఫోటో లాక్కున్నాడు. మసిబారిన చొక్కా మీద తాడు తెల్లగా, నిన్న కొన్నట్టుంది.

“చొక్కాని వదలని పొగ తాడును మాత్రం ‘పో తల్లీ’ అని వదిలేసిందా?”

“చొక్కా లోపల వేసుకోనుంటాడు. కిందపడినప్పుడు బయటికొచ్చుంటుంది.” జయరావు అంత తేలిగ్గా ఓడిపోయే రకం కాదు.

“సరే, కవరు విప్పు.”

బిళ్ళ మధ్యలో అపాయం వస్తే నొక్కే మీట ఉంది. మీట చుట్టూ సన్నటి గాడి. పంకజాక్షి గుండుసూది మొనతో ఆ గాడిని గీరి, తెల్లకాగితం మీద దులిపింది. ఎర్రటి పొడి, దాని కింద లేతపసుపు పెచ్చు. వాసన చూసి కాగితాన్ని జయరావు ముక్కు దగ్గర పెట్టింది.

“గంధం” అన్నాడు జయరావు. “గంధం, కుంకుమ. ఆయుధపూజ నాడు తన బిళ్ళకి తనే బొట్టు పెట్టుకోనుంటాడు. దానికేమిప్పుడు?”

“యాడ పెట్టుకున్నాడనేదే నాక్కావాల. పద, ఆ గది చూద్దాం.”

ఒంటిగంటా నలభైకి షోరూము గేటు దగ్గర మేనేజరు మునిశేఖర్ తాళాలతో ఎదురయ్యాడు. నలభై ఐదేళ్ళుంటాయి, మెత్తటి మాట. చేతిలో క్యారియరు. “ఆ అమ్మాయికి అన్నం తీసకపోతా ఉండా సార్. తప్పు చేసినా మా పిల్లే గదా” అన్నాడు. జయరావు తలూపి పోనిచ్చాడు. పంకజాక్షికి ఆ మాట బాగానే అనిపించింది. ఈ కాలంలో నిందపడ్డ మనిషికి అన్నం మోసుకుపోయేవాళ్ళు ఎందరు?

కింద హాలును పోలీసులు ఆ రోజు నుంచీ ముట్టనివ్వలేదు. అమ్మవారి పటం ముందు పూజ పెట్టినది పెట్టినట్టే ఉంది. కత్తెరలు, గజం బద్దలు, టేపులు, బిల్లు మిషను, తాళాల గుత్తి. ప్రతిదాని మీదా ముందు గంధం, దాని మీద కుంకుమ. వాటి మధ్యలో ఒక పెద్ద పళ్ళెం పట్టేంత చోటు మాత్రం ఖాళీగా ఉంది. దాని చుట్టూ పూల రెక్కలు గుండ్రంగా ఎండిపోయి ఉన్నాయి. పంకజాక్షి దాన్ని జయరావుకి చూపించి మెట్లెక్కింది.

మూడో అంతస్తు వెనక గది చిన్నది. మెట్ల వైపు గోడకి పైన వెంటిలేటరు, పొగంతా అందులోంచే దిగింది. మూలన నారాయణ కుట్టుమిషను ఉంది. దాని మీద మసి. మసి కింద చామంతుల దండ. పంకజాక్షి చేతిగుడ్డతో చక్రాన్ని మెల్లగా తుడిచింది. పసుపు, దాని మీద కుంకుమ. పక్కన కాగితం పొట్లంలో మిగిలిన పసుపు కుంకుమలు, వెలిగించని కర్పూరం బిళ్ళ ఉన్నాయి.

ఇంత బరువు మిషను కిందికి దించలేక, పూలు పట్టుకుని తనే దాని దగ్గరికొచ్చాడు పెద్దాయన. ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన మిషను మరి.

“గంధముందా జయరావూ ఈ గదిలో?”

జయరావు గదంతా వెతికాడు, బల్ల కింద కూడా వంగి చూశాడు. “లేదు.”

“గంధం కింద హాల్లోనే ఉండాది. అంటే బిళ్ళకి బొట్టు పడింది ఆడ. నవమి నాడు పూజలో పెట్టిన పనిముట్టుని దశమి తెల్లారేదాకా ముడతారా మనోళ్ళు?”

“ముట్టరు. మా ఇంట్లో కూరగాయలు తరిగే కత్తి కూడా ఇయ్యదు మా అమ్మ.”

“మరి మిషనుకి మొక్కడానికి మూడంతస్తులెక్కినోడు, అమ్మవారి ముందర పెట్టిన బిళ్ళ తీసి మెడలో వేసుకుంటాడా?”

జయరావు మిషను మీది పసుపు వైపు మళ్ళీ చూశాడు.

“ఆరు నెలలుగా మెడలో వేలాడిన బిళ్ళ కూడా వాళ్ళకి పనిముట్టే అప్పా. ముప్పై మూడు బిళ్ళలూ పళ్ళెంలో పోసి పూజలో పెట్టినారు. కింద నువ్వు చూసిన ఖాళీ చోటు ఆ పళ్ళేనిదే. బిళ్ళలన్నీ హాల్లో ఉంటే తెర ఏం చూపిస్తుంది? హాల్లో ముప్పై మూడు, మూడో అంతస్తులో సున్నా. పూజ టైములో అందరూ హాల్లో ఉంటే ఎవరికైనా అనుమానమొస్తుందా? సెల్లార్లో ఉండే పిల్లకి ఆ సంగతి ఒక్కరూ చెప్పలేదు. అది చూసింది చూసినట్టు చెప్పింది.”

“బిళ్ళలు మెడలోనే ఉండాయని ముప్పై రెండు మంది స్టేట్‌మెంటిచ్చినారక్కా! అందరూ అబద్ధాలా?”

“భయపడినోళ్ళు అబద్ధం చెప్పరు, చెప్పమన్నది చెప్తారు. అది పక్కన పెట్టు. మంటలు ఎబుడు ఆరినాయి?”

“నాలుగూ యాభై ఐదు.”

“నీ పంచనామా?”

“ఐదూ నలభై.”

“ఆ మధ్యలో ఈ గదికి ఎవరొచ్చినారు?”

జయరావు జేబు పుస్తకం తిరగేశాడు. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు. “ఫైరు వాళ్ళు మెట్ల కాడి నుంచే దిగిపోయినారు. శవాన్ని మొదట చూసి కేక పెట్టింది చెంగమ్మ. ఊడ్చే మనిషి.”

చెంగమ్మను పిలిపించేసరికి మూడు దాటింది. యాభై ఏళ్ళ బక్కపలచని మనిషి. వెనక గది గుమ్మం దాటి లోపలికి రానంది. పంకజాక్షే బయటికి వెళ్ళి మెట్ల మీద ఆమె పక్కన కూర్చుంది. కుర్చీలో కూర్చుని అడిగితే కొందరి నోళ్ళు పెగలవని ఆవిడకు తెలుసు.

“చెంగమ్మా, నారాయణన్న మెడలో బిళ్ళ ఏసింది నువ్వేనా?”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకునేందుకు చాలాసేపే పట్టింది.

“నేనేనమ్మా. సెడ్డ బుద్ధితో కాదు. బయటికొచ్చినాంక మేనేజరు సారు పళ్ళెం తెచ్చి, పోలీసోళ్ళు వచ్చేలోపల బిళ్ళలు మెడలో ఏసుకోండి, పూజలో పెట్టినామని ఎవురూ సెప్పబాకండి, సెప్తే అందురి ఉద్యోగాలూ పోతాయన్న్యాడు. అందురూ ఏసుకున్న్యారు. పళ్ళెంలో ఒగటి మిగిలిపోయ. ఇరవై తొమ్మిది. నాకు గుండె జారిపొయ్యింది. అన్న యాడ, అన్న యాడ అని జనంలో ఎతికినా. ల్యాడు. బిళ్ళ ఎత్తుకోని, ఎవురూ ఆపకుండా ఊడ్సేదాని మాదిరి సీపర చేతబట్టుకోని పైకి పరిగెత్తినా.”

“ఇయ్యడానికేనా?”

“ఇయ్యడానికేనమ్మా. సూస్తే పడుండాడు.” చెంగమ్మ అరచేతుల్లోకి చూసుకుంది. “బిళ్ళ మెడలో ల్యాకుండా ఎవురికేమైనా షోరూమోళ్ళకి సంబంధం ల్యాదని అందురి కాడా కాగితం మింద యేలిముద్దర్లు ఏపించుకోనుండారు. అన్న పెండ్లాం నాగరత్నమ్మొదిన గతేంగాను? మొగుడూ పాయ, రావాల్సిన డబ్బులూ పాయ. అందుకని ఏసినా. మా అమ్మవారికి దండం పెట్టుకోని ఏసినా.”

జయరావు టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. దొంగని పట్టుకుందామని వల వేస్తే, వలలో పడింది ఒక మంచి మనసు.

“ఆ తాడే లోహిత మెడకు చుట్టుకునిందమ్మా” అన్నాడు జయరావు. మెల్లగానే అన్నాడు.

“అయ్యో! ఆ అమ్మణ్ణికి నేనా ఉరి బిగించింది?” చెంగమ్మ లేచి నిలబడింది. “పదండి సారూ, యాడ సెప్పమంటే ఆడ సెప్తా. నన్ను జైల్లో ఏసినా పర్వాల్యా.”

పంకజాక్షి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. గంట మూడుంబావు. లోహిత గండం గట్టెక్కినట్టే. ఆవిడకు గుండెల మీద బరువు దిగినట్టుండాలి. కానీ ఒకటి మాత్రం కొరుకుడు పడడం లేదు. నారాయణ పడి ఉన్నది తలుపుకి జానెడు దూరంలో. అంతదూరం వచ్చిన మనిషి బయటికెందుకు రాలేకపోయాడు?

“చెంగమ్మా, నువ్వు పోయేసరికి ఈ తలుపు ఎట్లుండె?”

“ఏసుండె. గెడి తీసి లోపలికి పొయినా.”

“లోపలి గెడా?”

“లోపలేస్తే నేనెట్ల తీస్తానమ్మా? బైట గెడే. పొగొస్తాందని ఎవురో సూసుకోకుండా ఏసినారనుకున్న్యా.”

జయరావు ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్ళాడు. బయటి గడియ ఇనుపది, బలమైనది. తలుపు లోపలి వైపు, మనిషి భుజమంత ఎత్తులో, మసి మీద అరచేతులు కొట్టిన గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మూడు రోజులుగా తలుపు గోడకి ఆనించి తెరిచే ఉంది, ఆ వైపు ఎవరూ చూడలేదు. అతని మొహం పాలిపోయింది.

“నారాయణన్న పైకి పొయ్యేది ఎవరికి తెలుసు?” పంకజాక్షి గొంతు తగ్గించి అడిగింది.

“మేనేజరు సారుకి. ఆయనే పసుపుకుంకం పొట్లం, పూలదండ చేతిలో పెట్టి, మిషను మోసకరాల్యావు గదా, పైకి పొయ్యి నువ్వే పెట్టుకోనొచ్చెయ్ నారాయణా అన్న్యాడు. నేను పక్కనే ఉండా. అంతకుముందు రొండు మాటలు అనుకున్న్యారు. బోర్డు కాడ నిప్పురవ్వలు రాలతాండాయని మూడుసార్లు సెప్పినా, పట్టించుకోల్యా, పండగ పోనీ, ఫైరాఫీసులో అర్జీ పెడతా అన్న్యాడు అన్న. సారు నవ్వి ఊరుకున్న్యాడు.”

“బెల్లు మోగినాక సారు యాడ?”

“ఎవురో ఫోన్ సేసినారు. మాట్లాడతానే ఎనక మెట్లెక్కినాడు. రెండు నిమిషాలకే దిగొచ్చి, అందురూ బైటికి పాండని తోసినాడు.”

పంకజాక్షి తన నుదురు తనే కొట్టుకుంది. బెల్లు మోగినాక ఏం చేశావని ఆ పిల్లను ఇందాక అడగనే లేదు! మునిశేఖర్ వెనక మెట్లెక్కింది ఎవరి ఫోన్ విని?

జయరావు అప్పటికే స్టేషనుకి ఫోన్ కలిపాడు. మహిళా కానిస్టేబులు లోహితకు ఇచ్చింది. పంకజాక్షి ఫోను తీసుకుంది.

“లోహితా, నేను పంకజాక్షిని. నేనడిగేదానికి చిన్నగా జవాబు చెప్పు. బెల్లు మోగినాక ఎవరికి ఫోన్ చేసినావు?”

“మొదట మేనేజరు సార్‌కి మేడమ్.”

“ఏమని?”

“మూడో అంతస్తులో పొగొస్తాంది, గదుల్లో ఎవరూ లేరు, తలుపులు ముయ్యండని. మనుషుల్లేని గది తలుపు మూసేస్తే మంట పాకదని ట్రెయినింగులో చెప్పినారు. అది నేనే చెప్పాల, రూలు.”

“ఆయనేమన్నాడు?”

“‘వెనక గది కూడా సున్నానే గదా? బాగా సూసి చెప్పమ్మా’ అని రెండుసార్లు అడిగినాడు. రెండుసార్లూ సున్నానే సార్ అన్నా.”

పంకజాక్షి కళ్ళు మూసుకుంది. బిళ్ళలన్నీ పళ్ళెంలో ఉన్నాయని తెలిసినవాడు, మనిషిని పైకి పంపినవాడు, ఆ మాటను ఆ పసిదాని నోటితో రెండుసార్లు పలికించుకుని మరీ గడియ పెట్టాడు. పాపం చేసింది తనైతే, చెప్పింది మాత్రం ఆ పిల్లే కావాలి.

“మేడమ్,” లోహిత గొంతు సన్నగిల్లింది, “సార్ ఈడే ఉన్నాడు, నా ఎదురుగా. మధ్యాన్నం అన్నం తెచ్చినాడు, ఇబుడు మళ్ళీ వచ్చినాడు. ఏవో కాగితాలు తెచ్చి సంతకాలు పెట్టమంటా ఉండాడు. పెడితే కేసు తేలికైపోతుందంట.”

“పెట్టినావా?”

“ఒకటి పెట్టినా. ఇంకా రెండుండాయి.”

జయరావు మెట్లు దిగి పరిగెత్తడం వినిపించింది. కింద జీపు స్టార్టయింది. స్టేషనుకి ఎంత తొందరగా పోయినా పది నిమిషాలు పడుతుంది.

ఆ పిల్ల తెలివైనది. పంకజాక్షి అడిగిన మూడు ప్రశ్నల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటోంది.

“మేడమ్... నేను తలుపు ముయ్యమన్నప్పుడు తాత లోపలున్నాడా?”

అబద్ధం చెప్పాలనిపించింది పంకజాక్షికి. ఈ ఒక్కసారికీ, ఈ ఒక్క పిల్లకి. చెప్పలేకపోయింది.

“ఉన్నాడమ్మా. నీకు తెలీదు. నీ ఎదురుగా కూర్చున్నోడికి తెలుసు. పెన్ను కింద పెట్టేసి కానిస్టేబులక్క పక్కకి పో.”

పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే బల్లకి అవతల పక్క మునిశేఖర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.